తమ్ముడు వద్దన్నాడు

నా తమ్ముడికి ఒళ్ళు ఎదిగినట్టు బుద్ధి ఎదగలేదు. ఈ సంగతిని ఇప్పుడు మెత్తటి మాటల్లో చెబుతున్నారు. మంచిదే. మా రోజుల్లో ఎవరూ అంత మెత్తగా చెప్పలేదు, నేనూ చెప్పను. మీసాలొచ్చిన మనిషి, నాకంటే బెత్తెడు ఎత్తు, చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. వాణ్ణి హోంలో ఉంచాలా, ఇంటికి తెచ్చుకోవాలా అన్న ఒక్క ప్రశ్నతోనే నా నడివయసు గడిచిపోయింది. ఆ ముచ్చటే ఇక్కడ రాస్తున్నాను. తల సగం నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పెద్ద మాటలు రావు, వచ్చినా వాడను.

మాది పాలమూరు వైపు పల్లె. రాష్ట్రం కలిసిన కొత్తలో అమ్మ, తమ్ముడు, నేను నాంపల్లికి వచ్చాం. అప్పటికే నా పెనిమిటి పోయాడు. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో నాకు పని దొరికింది. గదులు ఊడవాలి, దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టాలి. ఆ వెనక సందులోనే ఒక గది కిరాయికి తీసుకున్నాం. అమ్మ ఉన్నన్నాళ్ళు తమ్ముడి బరువు నా మీద పడలేదు. అమ్మ పోయాక పడింది. నేను పనికి పోగానే వాడు రోడ్డెక్కేవాడు. ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో బస్సుల నడుమ కూర్చుని ఉంటే ఎవరో పట్టుకుని పోలీసులకు అప్పగించారు. ఆ తర్వాత గదిలో పెట్టి తాళం వేసి పోయేదాన్ని. అది తప్పన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వచ్చి కూర్చుని చూసుకుంటానన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

తాళం వేస్తే పొద్దంతా తలుపు గుద్దేవాడు. ఇంటి యజమానురాలు పెద్ద వయసు ముసల్మాను బీబీ. మనసు మంచిదే. ఒకనాడు నేను పని నుంచి వస్తుంటే వాకిట్లోనే ఆపింది.

"ఏందమ్మా, మీ తమ్ముడు ఆగుతనే లేడు. ఇంట్ల పిల్లలు పరేషాన్ అవుతున్రు. జర ఏదన్న ఇంతెజాం చెయ్యి."

"ఏం ఏర్పాటు చెయ్యాలె బీబీ? నువ్వే చెప్పు."

"నాకేం ఎర్క? గిట్లయితే తలుపన్న ఇరగ్గొడ్తడు, చెయ్యన్న ఇరగ్గొట్టుకుంటడు. తలుపు పోతే నేను ఏపిచ్చుకుంట. చెయ్యి నువ్వు ఏపిస్తవా?"

ఆమె మాటలో అబద్ధం లేదు. లాడ్జి మేనేజరుకు చెప్పుకుని ఏడిస్తే, అబిడ్స్ వెనక సందులో ఇలాంటి మగవాళ్ళ కోసం ఒక హోం పెట్టారని ఆయనే చెప్పాడు. చిన్నపిల్లలకైతే బడులున్నాయి, పెరిగినవాళ్ళను తీసుకునే చోటు దొరకడం గగనం, ఆలస్యం చేయకు అన్నాడు.

వాణ్ణి తీసుకుపోయిన రోజు వాడి చంకలో అమ్మ బొంత ఉంది. అమ్మ పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత అది. ఊరు విడిచి నాంపల్లికి వచ్చిన రోజు కూడా వాడే మోశాడు. అమ్మను, నన్ను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. బొంత ఎక్కడ పరిస్తే అదే ఇల్లని వాడి లెక్క. హోంలో ఇనుప మంచం చూపించగానే దాని మీద బొంత పరిచి కూర్చున్నాడు. నేను లేచి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే రాలేనని తెలుసు.

ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. తలుపు గుద్దే చప్పుడు లేదు. అన్నం దిగలేదు. బీబీ కిటికీలోంచి తొంగి చూసి, "ఇప్పుడు బాగనే ఉన్నది కద?" అంది. బాగానే ఉందన్నాను.

ఆ హోం పాత బంగళా. గచ్చు నేల, ఎత్తు కిటికీలు, వెనక వంటిల్లు. నడిపించే ఆమె కోస్తా నుంచి వచ్చిన మనిషి. అన్న బదిలీ మీద వస్తే ఆయనతోపాటు వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. అందరూ వార్డెనమ్మ అనేవారు. అక్కడున్న మగవాళ్ళందరికీ ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా వేసేవారు. బట్టతలవాడికీ, గడ్డం నెరిసినవాడికీ అదే నిక్కరు. వాళ్ళందరినీ 'పిల్లలు' అనేవారు. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయి నేను కూడా 'మీ పిల్లలు' అనడం మొదలుపెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం బయటికి తీసుకుపోనిచ్చేవారు. నాకు పోయే చోటు ఒక్కటే, నాంపల్లి స్టేషన్. అక్కడ బరువు చూసుకునే మిషన్ ఉండేది. మనిషి ఎక్కగానే లైట్లు మెరుస్తాయి, అద్దం వెనక రంగుల చక్రం తిరుగుతుంది. చక్రం ఆగాక పైసలు వేస్తే టక్కుమని టికెట్ పడుతుంది. ఒక పక్క బరువు, ఇంకో పక్క జాతకం. తమ్ముడికి అది దేవుడి గుడికంటే ఎక్కువ. టికెట్ పడ్డాక కూడా దిగేవాడు కాదు.

"దిగు తమ్మీ."

"వద్దు."

"ఏయ్ భాయ్, దిగు. మేం ఎక్కద్దా?" అని వెనకున్నవాళ్ళు అరిచేవారు.

"వద్దు."

చివరికి బిస్కెట్ చూపించి దింపాల్సి వచ్చేది. టికెట్ మీద ఎంతుందో మొదట్లో కూలీ పోర్టరు చదివి చెప్పేవాడు. ప్రతివారం అడిగించుకుని విసిగిపోయి, "ఇగో, గిది ఐదు, గిది మూడు. యాదిలో పెట్టుకో, రోజూ నన్ను సతాయించకు" అని నేర్పించాడు. అంకెలు నాకు అట్లా వచ్చాయి.

బరువు పెరుగుతూ పోయింది. నేను ఇంకా ఏం చూడాలి? గోళ్ళు చూసేదాన్ని, కత్తిరించి ఉండేవి. మంచం మీది దుప్పటి చూసేదాన్ని. దుప్పట్లు నా పనే కదా, మురికి నా కళ్ళకు దొరక్కుండా పోదు. శుభ్రంగా ఉండేది. ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమోనని చొక్కా ఎత్తి చూసేదాన్ని. లేవు. మంచి చోటే దొరికిందనుకుని నిమ్మళంగా ఉండేదాన్ని.

వాడికొక అలవాటు ఉంది. మనం ఏ మాటతో అడిగితే ఆ మాటతోనే జవాబు చెబుతాడు. తిన్నవా అంటే తిన్న అంటాడు. తినలేదా అంటే తినలేదు అంటాడు. అమ్మా, అక్కా అని పిలవడం తప్ప, ఎవరూ అడగకుండా, ఎవరూ నోట్లో పెట్టకుండా, వాడు సొంతంగా అనే మాట ఒక్కటే, వద్దు. పుట్టి మాట వచ్చిన దగ్గరి నుంచి అదే. నీళ్ళు పోసుకోవడం వద్దు, కొత్త చొక్కా వద్దు, కాకరకాయ వద్దు. అమ్మ విసుక్కుని, "వీనికి ఒక్కటే మాట ఇచ్చిండు దేవుడు, అదిగూడ నా మీదికే" అనేది.

ఒకసారి హోంను పరీక్ష చేయడానికి కమిటీవాళ్ళు వచ్చారు. ఇంటివాళ్ళలో ఎవరైనా ఉంటే బాగుంటుందని వార్డెనమ్మ నన్ను రమ్మంది. లాడ్జిలో సగంపూట సెలవు అడిగి వెళ్ళాను. ఇద్దరు మగవాళ్ళు మంచాలు చూశారు, మరుగుదొడ్లు చూశారు, వంటింట్లో మూతలెత్తి చూశారు. వాళ్ళతో వచ్చిన కళ్ళద్దాలామె మాత్రం మనుషుల దగ్గరికి వచ్చింది. మా తమ్ముడి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇక్కడ నీకు బాగుందా బాబూ?"

"బాగుంది."

"అన్నం బాగా పెడతారా?"

"పెడతరు."

ఆమె తల ఊపి రాసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఎవరైనా కొడతారా?"

"కొడతరు."

వార్డెనమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఆ ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నాకేమో నవ్వు ఆగలేదు.

"అమ్మా, వాడు గట్లనే అంటడు. కొట్టరా అని అడుగుండ్రి."

"కొట్టరా బాబూ?"

"కొట్టరు."

ఆమె కూడా నవ్వింది. రాసింది కొట్టేసి ఇంకేదో రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు, అప్పటికి నాకు అక్షరం రాదు. పోతూ పోతూ నన్ను అడిగింది. "మీకు తృప్తిగా ఉందా అమ్మా?"

"ఔ, మంచిగనే ఉన్నది. బరువు పెరిగిండు."

ఆ సాయంత్రం వార్డెనమ్మ నాకు కాఫీ ఇచ్చింది. "మీరు లేకపోతే నా కొంప మునిగేదమ్మా" అంది. నేను కూడా ఏదో పెద్ద పని చేసినట్టు నడిచి ఇంటికొచ్చాను.

ఆ ఏడు నుమాయిష్‌కు, అదే నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, లాడ్జిలో పనిచేసే ఆడవాళ్ళతో కలిసి పోయాను. గాజుల దుకాణాల దగ్గర నిలబడి ఉంటే జనం పక్కకు జరిగారు. చూస్తే హోంవాళ్ళు. నిక్కర్ల మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు వరసగా వస్తున్నారు. పొడుగాటి తాడు, దానికి దూరందూరంగా ముడులు. ఒక్కొక్కరు ఒక్కో ముడి పట్టుకున్నారు. ముందు ఒక ఆయా, వెనక వార్డెనమ్మ. జనంలో ఎవరూ తప్పిపోకుండా ఆ ఏర్పాటు. పక్కన ఒక పెద్దమనిషి, "ఎంత బాగా నడుస్తున్నారో చూడు, మన పిల్లలు ఇట్లా నడుస్తారా?" అని భార్యతో అన్నాడు.

తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. నన్ను చూశాడు. "అక్క" అన్నాడు. ముడి వదల్లేదు. ఆగలేదు. తాడు ఎటు లాగితే అటు పోయాడు. తలతిప్పి నన్ను చూస్తూనే పోయాడు.

నాతో వచ్చినవాళ్ళు, "మీ తమ్ముడు మస్తు మారిండే" అన్నారు. నాకు గాజులు కొనబుద్ధి కాలేదు.

పై ఆదివారం స్టేషన్‌కు తీసుకుపోయాను. మిషన్ ఎక్కాడు. లైట్లు మెరిశాయి, చక్రం తిరుగుతోంది. పరీక్ష చేద్దామని, చక్రం ఆగకముందే అన్నాను, "దిగు తమ్మీ."

దిగాడు. చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు.

మళ్ళీ ఎక్కించి పైసలు వేశాను. టికెట్ పడింది. అంతకుముందు ఎన్నడూ లేనంత బరువు ఉంది దాని మీద. బిస్కెట్ ఇస్తే తిన్నాడు. ఇవ్వకపోయినా ఊరుకునేవాడే. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఎన్ని నెలలైందో, వాడి నోట వద్దు అన్న మాట నేను వినలేదు. గోళ్ళు చూశాను, దుప్పటి చూశాను, వీపు చూశాను. దీన్ని చూడలేదు. కమిటీవాళ్ళు చూడలేదంటే వాళ్ళు పరాయివాళ్ళు.

వాణ్ణి మళ్ళీ హోంలో దిగబెట్టి, వార్డెనమ్మ గదిలోకి పోయాను.

"మావోడు వద్దంటలేడమ్మా."

"ఏవిటీ?"

"దేనికీ వద్దంటలేడు."

"అదేవిటమ్మా, మంచిదేగా? వచ్చిన కొత్తలో స్నానానికి వద్దు, అన్నానికి వద్దు, నా ప్రాణం తీశాడు. ఇప్పుడు బంగారంలా ఉన్నాడు."

"బంగారం ఎందుకమ్మా నాకు? వానికి ఉన్నది ఒక్క మాట. గదిగూడ మీరు గుంజుకున్నరు."

ఆమెకు కోపం వచ్చింది. కుర్చీలోంచి లేచింది. "మీకు ఒక్కడండీ. నాకు ఇంటినిండా ఉన్నారు. అందరూ వద్దు వద్దంటూ కూర్చుంటే ఎవరికి స్నానం చేయించను, ఎవరికి అన్నం పెట్టను? ఉన్నదిద్దరు ఆయాలు. మీరే వచ్చి నడపండి, చూస్తాను."

"నాకొద్దు. నా తమ్మున్ని నేను తీస్కపోత."

"తీసుకెళ్ళి? మళ్ళీ తాళం వేస్తారా?"

ఆ మాట అన్నాక ఆమే కుర్చీలో కూలబడింది. "కోపంలో అన్నానులెండి" అంది. నేను లేచి వచ్చేశాను. అబిడ్స్ గడియారం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆదివారమని దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచారు. జనం వంగి వంగి చదువుతున్నారు. నాకు ఒక్క అట్ట మీద ఏముందో తెలియదు. ఈ ఊళ్ళో నేను మాట్లాడుకునే మనిషంటూ ఒక్కడు లేడనిపించింది. ఉన్న ఒక్కడికీ నా మాటే తిరిగి నాకు అప్పజెప్పడం వచ్చు.

తర్వాత కొన్ని వారాలు వార్డెనమ్మ, నేను ముఖాలు తిప్పుకునే ఉన్నాం. ఒకరోజు హోం నుంచి ఆయా లాడ్జికి పరుగెత్తుకొచ్చింది. "నిన్ను రమ్మంటున్నరు. మీ తమ్ముడు కంచం ఎత్తి పడేసిండు" అంది. తడి చేతులతోనే పోయాను.

వంటింటి గడప దగ్గర మెతుకులు చిందరవందరగా ఉన్నాయి. వార్డెనమ్మ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది. లోపల పొయ్యి ముందు వంటాయన, ఆయన పక్కన మా తమ్ముడు. వంటాయనది మా పాలమూరు వైపే. అన్నం అందరికీ వండినా తనకు మాత్రం జొన్నరొట్టె చేసుకునేవాడట. ఆ రోజు ఆ వాసన వాడి ముక్కుకు తగిలింది.

"అన్నం పెడితే వద్దన్నాడు" అంది వార్డెనమ్మ. "ఒకసారి కాదు, నాలుగు సార్లు. నా ముఖం మీదే అన్నాడు. ఇదిగో, మీ కోరిక తీరింది, చూసుకోండి."

ఆమె కోపంగా ఉందో నవ్వుతోందో నాకు తెలియలేదు. వంటాయన అన్నాడు, "అన్నం మంచిదని అందరికి అన్నమే పెడుతున్నరమ్మా. గీయన చిన్నప్పటి నుంచి రొట్టె తిన్నోడు. కడుపు నిండుతది గని పానం నిండుతదా?"

నాకు తట్టకపోవడమే వింత. జొన్నరొట్టె బీదవాళ్ళ తిండి, అన్నం దొరలు తినేది. వాడికి రెండు పూటలా అన్నం పెడుతున్నారని నేను ఊరివాళ్ళకు గొప్పగా చెప్పుకున్నదాన్ని.

ఆనాటి నుంచి వార్డెనమ్మ వాణ్ణి వంటింట్లోకి రానిచ్చింది. పిండి తడిపి పీట మీద వేస్తే అరచేత్తో కొట్టేవాడు. గుండ్రంగా వచ్చేది కాదు. వంటాయన, "గిది రొట్టెనా, నైజాం పటమా?" అనేవాడు. వాడు "పటమా" అనేవాడు. మళ్ళీ వద్దులు మొదలయ్యాయి. నిక్కరు వద్దంటే వార్డెనమ్మ తిట్టుకుంటూనే పాత లుంగీ ఒకటి వెతికి ఇచ్చింది. స్టేషన్ మిషన్ మీద మళ్ళీ మొండికేశాడు. వెనకవాళ్ళు తిట్టారు. ఆ తిట్లు నాకు కమ్మగా వినిపించాయి.

అయినా తీసుకెళ్ళి తాళం వేస్తారా అన్న మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. తాళం లేని గది సంపాదించాలనుకున్నాను. సాయంత్రం బడిలో చేరింది కూడా అందుకే. చదువు మీద మోజు కాదు. రాత వస్తే లాడ్జిలో బట్టల గది నాకప్పగిస్తానని, దాంతోపాటు వెనక వాకిట్లో గది ఇస్తానని మేనేజరు అన్నాడు. ఏళ్ళు పట్టింది. నా వేళ్ళు దుప్పట్లు పిండిన వేళ్ళు, బలపం విరిగేది. చివరికి గది వచ్చింది. చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలా, వాకిట్లో ఎప్పుడూ నలుగురు మనుషులు. వాడు పొద్దంతా తిరిగినా బయటికి పోలేడు. మూలన పొయ్యి పెట్టాను. జొన్నపిండి తెచ్చాను. గోడవారన వాడి పక్క పరవడానికి చోటు వదిలాను.

ఆదివారం హోంకు పోయి వార్డెనమ్మకు చెప్పాను. ఆమె కాసేపు కిటికీలోంచి చూసింది. ఆమె జుట్టు కూడా తెల్లబడింది అప్పటికి.

"మీ ఇష్టమమ్మా. మీరు అక్కగారు. కానీ అతణ్ణి కూడా ఒక మాట అడగండి."

"ఎట్ల అడగాలె? వస్తవా అంటె వస్త అంటడు. ఉంటవా అంటె ఉంట అంటడు. మీకెర్కనే కద."

"ఎరికేలెండి" అంది, నా మాటే నాకు అప్పజెప్పినట్టు.

అడగలేదు. వాడి మంచం దగ్గరికి పోయి అమ్మ బొంత చుట్టాను. అరిగి అరిగి పలచబడింది. వంటింట్లో వాడు పిండి కొడుతున్నాడు. పక్కన నిలబడి బొంత వాడి ముందుకు చాపాను. వాడికి దానికంటే తేటగా చెప్పే మాట నా దగ్గర లేదు. ఊరు విడిచిననాడు ఇట్లాగే చాపాను. హోంకు వచ్చిననాడు ఇట్లాగే.

వాడు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. బొంత తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. లేచాడు. నేను గేటు వైపు నడిచాను. వెనక అడుగుల చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే వాడు మంచాల గదిలో ఉన్నాడు. బొంత విప్పి మంచం మీద పరుస్తున్నాడు. నాలుగు మూలలూ లాగి సరిచేశాడు.

నేను దగ్గరికి పోయి మళ్ళీ చుట్టబోయాను. నా చెయ్యి తోసేశాడు.

"వద్దు."

మెల్లగానే అన్నాడు. నా వైపు చూసే అన్నాడు. అని, వంటింట్లోకి పోయి పీట ముందు కూర్చున్నాడు.

గుమ్మంలో వార్డెనమ్మ ఉంది. తలవంచుకుంది. ఆ రోజు ఆమె ఏదైనా అని ఉంటే నేను తిట్టిపోసేదాన్నే. వంటింటి గడపలో నిలబడి అన్నాను, "మల్ల ఆదివారం వస్త తమ్మీ."

"వస్త" అన్నాడు.

స్టేషన్ దాకా నడిచాను. వాడి కోసం కొంగున ముడేసిన పైసలున్నాయి. అన్నేళ్ళలో ఒక్కసారీ నేను ఆ మిషన్ ఎక్కలేదు. ఎక్కాను. లైట్లు మెరిశాయి, చక్రం తిరిగింది. టికెట్ పడింది. అంకెలు చదివాను. జాతకం ఇంగ్లీషులో ఉంది. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. చదివించుకోలేదు. "జర దిగమ్మా, బండి టైమైంది" అని వెనక నుంచి ఎవరో అంటే దిగాను.

వాడు నన్ను కాదన్నాడని చాలా రోజులు కుమిలాను. అబద్ధమెందుకు, ఇప్పటికీ ఒక్కోసారి కుములుతాను. ఆ చోటు మంచిదా కాదా అని అన్నేళ్ళు నేను వెతికిన జవాబు అదేనని తెలుసు. తెలిసినంత మాత్రాన అన్నం దిగదు.

గది తీసుకున్నప్పుడు మేనేజరు తాళం ఇస్తానంటే వద్దన్నాను. ఆ తలుపుకు ఇక తాళం పడకూడదని నా పంతం. వాడు వద్దన్న ఆ సాయంత్రం వచ్చి చూస్తే తలుపు నేను వేసి పోయినట్టే దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. మూలన జొన్నపిండి ఉంది. ఒక రొట్టెకు సరిపడా తడిపాను.